టర్కీ తివాచీ రంగు మారిన రోజు

ఆ రోజుల్లో నాకు పాముకన్నా, పోలీసుకన్నా ఫారిన్ సరుకంటేనే ఎక్కువ భయం. దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తుంటే, ఆ తలుపుల్లోంచి వచ్చినవన్నీ నా చేతిలోనే చెడిపోతాయని గట్టి నమ్మకం. వేలూరులో మా మామ దగ్గర చలువరాతి పని నేర్చుకుని, మొదటిసారి ఒంటరిగా గుడియాత్తంలో ఒక తోలు షావుకారు ఇంటి హాలు పాలిష్‌కు వెళ్లాను. "పని చెడితే నాకు మొగం చూపించబాక," అని మామ బస్సెక్కించేటప్పుడే దీవించాడు.

హాల్లో షావుకారు టర్కీ నుంచి తెచ్చుకున్న పట్టు తివాచీ ఉంది. లేత బంగారు రంగు మీద నీలం పూలు. పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పక్క గదిలో పెట్టి, పని ముగించి, నేల ఆరాక మళ్లీ పరిచాను. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. బంగారం పోయి మాడిన బెల్లం రంగు వచ్చింది! నీళ్లు తగిలాయేమోనని తువ్వాలుతో తుడిచాను. తుడిచినచోటల్లా తెల్లటి చారలు లేచాయి. అరచేత్తో రుద్దితే ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి (దొంగ కూడా ఇంత చక్కటి సాక్ష్యం వదలడు). పారిపోదామంటే మామ మొహం, ఉందామంటే షావుకారు మొహం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంతలో షావుకారు రానే వచ్చారు. కాళ్ల మీద పడిపోయాను.

"తివాచీ చెడిపోయింది సార్! మా మామకు చెప్పబాకండి. దాని కింద రాయి పగలగొట్టింది కూడా నేనే. సుత్తి జారింది సార్, తెల్ల సిమెంటు పూసి పైన పరిచేసినాను!"

(రాయి సంగతి మీకూ చెప్పలేదు కదూ. భయంలో అన్నీ కక్కేశాను.)

"ఏడవబాక, లెయ్ నాయనా. ఆ పక్కకు పోయి చూడు," అన్నారాయన.

అవతలి గోడ దగ్గరికి వెళ్లి చూశాను. బంగారం బంగారంలానే ఉంది! పట్టు నూగంతా ఒకే వైపు వాలి ఉంటుందట. ఒక కొసనుంచి చూస్తే లేత, రెండో కొసనుంచి చూస్తే ముదురు. నేను కొసలు మార్చి పరిచానంతే. ఆ చారలూ, వేళ్ల అచ్చులూ నూగును ఎదురు రుద్దడం వల్ల పడ్డవే.

షావుకారు అంచు తిప్పి చూపించారు. వెనకవైపూ అవే పూలు. ఒక్కొక్క ముడీ వేళ్లతో వేసిందే.

"ఈ పక్క ఎవురూ చూడరని, నేసినామెకు తెలుసునప్పా. అయినా ఎట్లా ఏసిండాదో చూడు," అంటూ ఇంకాస్త పైకెత్తారు. కింద నా తెల్ల సిమెంటు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాయి పెకలించి కొత్తది వేసేదాకా రెండు రోజులు ఆ ఇల్లు వదల్లేదు.

ఇప్పుడు నేనే మేస్త్రీని. "ఇది బీరువా కిందికి పోయే రాయి మామా, ఎవురు చూస్తారు?" అంటారు పనివాళ్లు. "టర్కీ ఆమె చూస్తాది," అంటాను. వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. వయసులో ఉన్నప్పుడు ఈ ముసలాయనకు ఆమెతో ఏదో కథ నడిచిందనుకుంటున్నారు కాబోలు. నేనూ కాదనను.