వేలిముద్ర వేయనన్న అవ్వ

యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌లో ఉద్యోగమంటే మావాళ్ల దృష్టిలో అప్లికేషన్లు నింపే పని. మేముండే ఖానాపురం హవేలిలో మా పక్కింటావిడ ఒకసారి కరెంటాఫీసుకు అర్జీ రాసిమ్మని కూడా వచ్చింది. పరిశోధన చేసే పిల్లలు రాసుకొచ్చింది చదివి, ఎక్కడ అర్థం కాలేదో వాళ్లకు చెప్పడం నా పని మొర్రో అంటే వినేదెవరు? అది చాలదన్నట్టు, అడవి పల్లెల్లో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పించే కార్యక్రమం కూడా నా నెత్తినే పెట్టారు.

ఈ రెండు పనులూ కలిసి ఒక ఎండాకాలం నా మెడకు చుట్టుకున్నాయి. భద్రాచలం అవతల ఒక కోయపల్లె నుంచి వచ్చిన అమ్మాయి, తన ఊరి ఆడవాళ్ల జీవితం మీద పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్ సోమవారం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు ఒక్క కాగితం మిగిలింది. ఆ పల్లెలో పెద్దావిడ చెప్పిన కథ మీదే ఒక అధ్యాయం నిలబడి ఉంది. ఆవిడ ఒప్పుకున్నట్టు ఫారం మీద సంతకమో వేలిముద్రో కావాలి.

వేలిముద్రే కదా, ఎంతసేపు! శుక్రవారం ఇంకుప్యాడ్ సంచిలో వేసుకుని ఇద్దరం బయల్దేరాం. బస్సు, షేర్ ఆటో, ఆపైన నడక. మేం వెళ్లేసరికి అవ్వ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

ఇంకుప్యాడ్ చూడగానే "వేలెయ్య," అంది.

"ఎందుకవ్వా?"

"ఒకసారి ఏసిన. ఎవరో సార్లొచ్చి నీ మంచికే అన్నరు. ఎనక చూస్తే అడవి కొట్టి చేసుకున్న మా పోడు చేను మాది కాదన్నరు. గిప్పుడు పేరు రాసుడొస్తది నాకు. కాగితం సదివినంకనే పెడత."

నాకు ఒళ్లు మండింది. మండితే ఏం లాభం? చదవకుండా సంతకం పెట్టొద్దని ఆ ఊరి బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది నేనే.

అవ్వ అక్షరం మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. "పై... న... పే... ర్కొ... న... బ... డి... న..." అక్కడే కూలబడింది. నీడ వాకిలి దాటింది, ఆవిడ మొదటి వాక్యం దాటలేదు.

"ఇదేంది బిడ్డా, తెలుగేనా?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. ఎందుకంటే ఆ ఫారం రాసింది కూడా నేనే! ఊళ్లో పిల్లలందరి వాక్యాలకూ ఎర్ర పెన్నుతో వంకలు పెట్టే మహాతల్లిని. సిగ్గుతో తల తీసేసినట్టయింది. కోపం మాత్రం ఇంకా అవ్వ మీదే ఉంది.

నోట్‌బుక్కులో కాగితం చింపి మళ్లీ రాశాను. 'నువ్వు చెప్పిన కథ ఈ అమ్మాయి పుస్తకంలో రాసింది. నీకు ఇష్టమైతేనే ఉంచుతాం. వద్దన్నది తీసేస్తాం.'

అవ్వ చదివింది. "అవ్. గిట్ల రాస్తే తెలుస్తది," అని పెన్ను అందుకుంది. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే పెన్ను ఆగింది.

"పోడు పోయిన నాడు మా ఆయన సంగతి చెప్పిన గద. అది తీసెయ్."

ఆ మూడు పేజీలే థీసిస్ మొత్తానికి ప్రాణం. ఒక్క మాట కూడా మార్చొద్దని ఆ అమ్మాయికి నేనే చెప్పాను.

"అవ్వా, అందులో తప్పేముంది? చదివినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు."

"గందుకే వద్దంటున్న. సచ్చిపోయినోడు. ఆయనొచ్చి వద్దనలేడు గద."

నేను ఇంకా ఏదో అనబోతుంటే, ఆ అమ్మాయి నా చేతిలోని థీసిస్ ప్రతి లాక్కుని మూడు పేజీలూ కొట్టేసింది.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచాను.

"వద్దన్నది తీసేస్తమని మీరే రాసిన్రు గద మేడం," అంది. కాగితం అవ్వ ముందుకు జరిపింది.

అవ్వ తన పేరు రాసింది. శనివారం, ఆదివారం పేజీ నంబర్లన్నీ మార్చుకుంటూ తిట్టుకుంటూ కూర్చున్నాను. సోమవారం థీసిస్ ఇచ్చాం. ఆ అధ్యాయం చివర్లో ఏదో వెలితి ఉందని పరీక్షకులు రాశారు. ఏం వెలితో నాకు తెలుసు. ఇక్కడ రాస్తే ఈ జ్ఞాపకం కూడా రక్తి కట్టేది. రాయను.