కుట్టని నాలుగో మూల

గద్వాలలో మా సాలెవీధిలో పుట్టిన ఏ పిల్లనైనా మొదట చుట్టింది ఈదమ్మ కుట్టిన బొంతలోనే. నన్నూ అంతే. ఆ బొంతను మా అమ్మ చాలా ఏళ్లు దాచింది గానీ చివరికి ఎలుకలు కొట్టేశాయి. కాబట్టి సాక్ష్యం చూపించమంటే చూపించలేను, నా మాటే నమ్మాలి.

ఈదమ్మ మొగుడు చిన్న వయసులోనే పోయాడు. కొడుకు సత్తయ్యను మగ్గం గుంటలో కూర్చోబెట్టి, తాను నేతకు నూలు కండెలు చుట్టి సంసారం లాక్కొచ్చింది. ఆ ఇంట్లో మగ్గం మీద ఎప్పుడూ కొత్త చీర ఉండేది. అయితే ఆ చీర ఆ ఇంటిది కాదు, నూలూ పట్టూ ఇచ్చిన షావుకారుది. సాలె ఇంట్లో కొత్త బట్టకు కరువుండదు, కట్టుకోవడానికే కరువు. పసిబిడ్డకు మాత్రం ఆ బాధ లేదు. పురిటి పిల్ల ఒంటికి కొత్త బట్ట తగలకూడదంటారు. పాతదే కావాలి. ఉతికి ఉతికి మెత్తబడ్డదై ఉండాలి, పిల్లలు నిలిచిన ఇంటి నుంచి అడిగి తెచ్చినదై ఉండాలి. ఆ ఇంటి ఆయుష్షు ఈ పిల్లకూ అంటుకుంటుందని నమ్మకం.

మా వీధి చివర జమీలాబీకి ఏడుగురు పిల్లలు. ఏడుగురూ బతికారు. ఆమె పాత ఓణీల కోసం కడుపుతో ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ఎగబడేవాళ్లు. "ఒంటి మీదియి గూడ ఇప్పుకపోతరా ఏందమ్మా" అని ఆమె నవ్వుతూనే ఇచ్చేది.

అలా నాలుగిళ్ల నుంచి వచ్చిన ముక్కలను ఈదమ్మ అరుగు మీద పరిచి, బాగా నలిగినవి పిల్ల ఒంటి వైపుకు, కాస్త గట్టివి కిందికి పేర్చుకునేది. మగ్గం మీద చీర దిగాక మిగిలిన పోగులే ఆమె దారం. సన్న సన్న కుట్లు, ముడులన్నీ కింది వైపుకే. "ముడి ఒరుసుకుంటె పిల్లకు నిద్ర పడ్తదా, మీకు పడ్తదా?" అనేది. మిగిలిన పీలికలతో చెవులు మూసే కుల్లాయి ఒకటి కుట్టేది.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. పిల్ల పుట్టకముందు బొంతకు మూడు మూలలే కుట్టేది. నాలుగో మూల బెత్తెడు మేర తెరిచే ఉంచేది. పిల్ల పుట్టి, గట్టిగా ఏడ్చి, తల్లి పాలు తాగాక కబురు పెట్టాలి. అప్పుడు వచ్చి ఆ మూలలో ఒక వసకొమ్ము ముక్క పెట్టి కుట్టేసేది. ఎందుకమ్మా అంటే, "సుట్టం రాకముందే తలుపేసుకుంటమా?" అని ఎదురడిగేది. పిల్ల దక్కకపోతే మాత్రం ఆ బొంతను విప్పేసి, ఏ ముక్క ఏ ఇంటిదో ఆ ఇంటికి తిరిగి ఇచ్చి వచ్చేది.

అప్పటి ఈదమ్మ నోరున్న మనిషి. మూల కుట్టడానికి వచ్చిందంటే ఆ ఇంట్లో నవ్వులే. "మూతి తాతది, ఏడుపు మేనత్తది, ఇంగ తల్లిదేముంది, మోసుడే" అని బాలెంతను కూడా నవ్వించేది.

సత్తయ్యకు రాజోలి నుంచి రాజేశ్వరిని చేసుకున్నారు. పెద్దగా మాట్లాడని పిల్ల, పనిమంతురాలు. ఆమె కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి ఈదమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. ఊరందరి పిల్లలకూ కుట్టింది, ఇప్పుడు సొంత మనవరాలో మనవడో! ఎనిమిదో నెలకే బొంత తయారైంది. ఎవరికీ చేయనిది చుట్టూ ఎర్ర పీలికలతో అంచు వేసింది. కుల్లాయిలు ఒకటికి మూడు కుట్టింది.

ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆ అంచు కుడుతూ, ఆ సంబరంలో నాలుగో మూల కూడా మూసేసింది. వసకొమ్ము లోపల పెట్టి మరీ కుట్టేసింది. కండెలు చుడుతున్న రాజేశ్వరి చూసింది.

"అత్తా, మూల మూసినవ్ గద?"

"మూస్తే ఏమాయె? మనింటి పిల్లనే గద. యాడికి పోతది?" అంది ఈదమ్మ.

ఆడపిల్ల పుట్టింది. ఏడ్చిందంటే ఏడ్చింది, పక్కగదికి వినపడనంత. పాలు పట్టలేదు. మంత్రసాని జమ్ములమ్మ తనకు తెలిసిందంతా చేసింది. నాలుగు పొద్దులైనా నిలవకుండా పిల్ల వెళ్లిపోయింది.

బొంత మూల మూసినందుకు పిల్ల పోతుందా? పోదు. నాకు తెలుసు, మీకూ తెలుసు, ఈదమ్మకూ తెలిసే ఉంటుంది. తెలిసి ఏం లాభం, మనసు వినాలి కదా. పైగా వీధి ఊరుకుంటుందా? ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందట అని ఒక మహాతల్లి బావి దగ్గర అనేసింది. ఆవిడ ఎవరో చెప్పను గానీ, ఆవిడ పిల్లలు ముగ్గురినీ ఈదమ్మ బొంతలోనే చుట్టారు.

రాజేశ్వరి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. ఈదమ్మ ఏడవలేదు. అందరూ వచ్చి ఏడ్చి పోయారు, ఆమె వాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది. ఆ తరువాత అరుగు మీద కూర్చుని బొంత విప్పడం మొదలుపెట్టింది. ఎంత దగ్గరగా కుట్టిందో విప్పుతుంటే తెలిసింది. పొద్దుగూకే దాకా విప్పి, మర్నాడు ముక్కలు చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొందరు చేయి చాచలేదు, గడప అవతల పెట్టమన్నారు. పెట్టి వచ్చింది. జమీలాబీ ఒక్కతే రెండు చేతులతో తీసుకుంది.

"కూసో ఈదమ్మక్కా, జర సేపు" అంది.

"పనుంది" అంది ఈదమ్మ. పనేమీ లేదు.

తరువాత ఆ ఇంట్లో మగ్గం ఆడింది, కండెలు తిరిగాయి, పొయ్యి వెలిగింది. ఈదమ్మ అన్నీ చేసేది. అయితే కూరలో ఉప్పు వేయడం మరిచిపోయి అదే తినేది, తెలిసేది కాదు. ఒకసారి రెండుసార్లు కారం వేసింది. సత్తయ్య కళ్ల నీళ్లు పెట్టుకుని లేచిపోతే ఆమె మాత్రం ముద్ద మీద ముద్ద పెట్టుకుని తినేసి చేయి కడుక్కుంది. ఎట్లున్నవని ఎవరైనా అడిగితే, "ఉన్న" అనేది. అంతే. ఉన్నదంటే ఉన్నది. ఆమెను చూస్తే నాకు కోపం వచ్చేది, నాలుగు ఏడుపులు ఏడ్చి లేవకూడదా అని. చిన్నదాన్ని, ఏడుపు కూడా రావాలని అప్పుడు నాకు తెలియదు.

బొంతల కోసం వచ్చినవాళ్లను వెనక్కి పంపేది. "నా సూది ఇరిగింది" అనేది. సూది విరగలేదు, దూలానికి గుచ్చి ఉండేది, అందరికీ కనిపించేది.

రాజేశ్వరికి మళ్లీ నెల తప్పింది. ఈదమ్మకు చెప్పలేదు, ఆమె అడగలేదు. కడుపు కనిపించసాగింది, అయినా ఇద్దరూ ఉప్పు గురించీ నూలు గురించీ మాట్లాడుకున్నారు. నెలలు నిండుతుండగా రాజేశ్వరి తానే జమీలాబీ ఇంటికి పోయి, మరో రెండిళ్లు తిరిగి, పాత గుడ్డల మూట తెచ్చి అత్త ముందు పెట్టింది. జమీలాబీ ఇచ్చింది కొత్త ముక్క కాదు. ఆ రోజు రెండు చేతులతో తీసుకున్నదే, ఉతికి మడిచి పెట్టెలో దాచింది.

"నేను కుట్ట" అంది ఈదమ్మ.

"తప్పు నీది గాదని అనమంటవా? అన్న గూడ నువ్వు నమ్మవు. అందుకే అంటలేను" అంది రాజేశ్వరి. "నాకు కుట్టరాదు. నువ్వు కుట్టకుంటె నా పిల్లను గోనెసంచి మీద పండబెడ్త. ఇంగ నీ ఇష్టం."

ఇన్నాళ్లకు ఆమె నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే. ఈదమ్మ లేచి దూలం నుంచి సూది తీసింది. కుట్టింది. నవ్వు లేదు, పాట లేదు, ఎర్ర అంచు లేదు. మూడు మూలలు కుట్టి నాలుగోది వదిలేసింది.

మళ్లీ ఆడపిల్లే. ఈసారి ఏడుపు వీధి మొదటి దాకా వినిపించింది. ముందు పిల్ల పోయిన ఇల్లు కాబట్టి, జమ్ములమ్మ పిల్లను చాటలో వేసి పెరట్లో పెంటకుప్ప మీద పెట్టి, "మాకొద్దు ఈ పిల్ల" అని, మళ్లీ తానే ఎత్తుకొచ్చి ఇచ్చింది. ఎవరికీ అక్కర్లేని పిల్లను దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు? పెంటమ్మ అని పేరు పెట్టారు. పెంటమ్మ పాలు తాగింది.

"ఇంగ మూల కుట్టు ఈదమ్మా" అంది జమ్ములమ్మ.

"పురుడు ఎల్లనీ" అంది ఈదమ్మ.

పురుడు వెళ్లింది. తొట్లెల కట్టి పిల్లను ఉయ్యాలలో వేశారు. పండ్లు రానీ అంది. పాలపళ్లు వచ్చాయి. నడవనీ అంది. నడిచింది, పడింది, లేచింది. ఆ ఏడు ఊళ్లోకి అమ్మవారు వచ్చింది, అది పోనీ అంది. అదీ పోయింది, పెంటమ్మ ముఖం మీద నాలుగు మచ్చలు వదిలి. రాజేశ్వరి అడగడం మానేసింది. పిల్ల పెరుగుతున్నా బొంతను వదలలేదు. కాళ్లు బయటికి వచ్చినా అందులోనే పడుకునేది. తెరిచిన మూల చివికి పోగులు వేలాడేవి. ఈదమ్మ ఆ పిల్లకు తలంటేది, తినిపించేది, వీపు మీద మోసేది. ఎత్తుకున్నప్పుడు మాత్రం ముఖంలోకి సరిగా చూసేది కాదు.

ఉగాదికి ముందు ఇల్లంతా దులిపి పరుపులూ బొంతలూ ఉతికే రోజున, పెరట్లో బావి దగ్గర నీళ్లలో ముంచబోతూ ఈదమ్మ ఆ మూలలో చేయి పెట్టింది. ఏదో తగిలింది. బయటికి తీసింది. చింతగింజలు, విరిగిన గాజు ముక్కలు, కండెపుల్ల ఒకటి, వేరుశనగలు, చీమలు పట్టిన బెల్లం ముక్క.

రాజేశ్వరి తొంగి చూసింది. "చీమలు గిట్ల ఎక్కడికెల్లి వస్తున్నయో ఇప్పుడు తెలిసె. అత్తా, ఇప్పుడన్న కుట్టరాదా?"

మగ్గం గుంట దగ్గర ఆడుకుంటున్న పెంటమ్మ పరుగెత్తుకొచ్చింది.

"కుట్టకవ్వా! కుడితె నా సామాను యాడ పెట్టుకోవాలె?"

"బెల్లం గూడ సామానేనా?" అంది ఈదమ్మ.

"అది నాది గాదు, నీది. నువ్వు ఏం తిన్నా ఏమనవు గద. తియ్యగుంటె అంటవేమోనని దాసిన."

ఈదమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది, నాలుగు మచ్చలతో సహా. బెల్లం మీద చీమలు ఊది నోట్లో వేసుకుంది. ఒకటి రెండు చీమలు లోపలికే పోయి ఉంటాయి.

"తియ్యగున్నదే" అంది.

ఆ తరువాత బావి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. మా ఇంటి దాకా వినిపించేలా, పేరు కూడా పెట్టని ఆ మొదటి పిల్లను "నా తల్లీ, నా తల్లీ" అని పిలుస్తూ ఏడ్చింది. రాజేశ్వరి బొంత పక్కన పెట్టి ఆమెను ఆనుకుని కూర్చుంది, తానూ ఏడ్చింది. పెంటమ్మ భయపడి, చింతగింజలన్నీ ఏరుకొచ్చి అవ్వ ఒళ్లో పోసింది.

ఆ రాత్రి కూరలో ఉప్పు లేదని ఈదమ్మే అంది. ఆ మూల మాత్రం చచ్చేదాకా కుట్టలేదు. పిల్ల సామాను ఉంది కదా.