ముందు భాష, తర్వాత మాట

మా మేనమామ ఏ చిన్న మాట అనబోయినా ముందు అది ఏ భాషదో చెప్పేవాడు. భివండీకి వచ్చిన కొత్తలో పొరుగింటి మరాఠీ ఆమె భజియాలు తెస్తే "నాకు, నాకు" అని ఆశగా చెయ్యి చాచాడట. మరాఠీలో 'నకో' అంటే వద్దని. ఆమె పళ్లెం వెనక్కి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి చిన్న మాటల మీద ఆయనకు నమ్మకం పోయింది.

ఇంట్లోనూ అంతే. "తెలుగుల చెప్తున్న, నాకు ఇంకింత పప్పు ఎయ్యి" అనేవాడు.

"పెండ్లయి గిన్నేండ్లాయె, నేను తెలుగుదాన్నని ఇంకా నమ్మవా?" అని అత్తమ్మ గరిటె చూపించేది.

భివండీలోనే నాగావ్‌లో మామా నేనూ పనిచేసే మరమగ్గాల షెడ్డులో మాత్రం ఆ జాగ్రత్తకు పనే లేదు. మగ్గాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినబడదు. అందరం చేసైగలతోనే మాట్లాడుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మూలనున్న మోటారు మీద పేరుకున్న దూదికి నిప్పంటుకుంది. ముందు చూసింది మామే. ఉరికిపోయి మెయిన్ స్విచ్ దించాడు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏమైందని అందరం ఆయనవైపు తిరిగాం.

ఇన్నేళ్లకు ఆ షెడ్డులో తన మాట నలుగురికీ వినబడే అవకాశం దొరికింది. మామ గొంతు సవరించుకున్నాడు.

"హిందీల చెప్తున్న..."

అప్పటికే పొగ చూసి అన్ని భాషలవాళ్లూ తలుపు దాటారు. నేను వెనక్కి వెళ్లి చెయ్యి పట్టి లాక్కొస్తున్నా, ఆయన ఖాళీ షెడ్డుకు చెప్తూనే ఉన్నాడు:

"ఆగ్! ఆగ్ అంటే నిప్పు, తెలుగుల ఆగు గాదు, ఉరుకుండ్రి!"