స్టెతస్కోపు అక్క పట్టిన క్లచ్ జబ్బు

మా వీధి చివర రేకుల షెడ్డులో బళ్ళు బాగుచేసే ఆవిడను అందరూ స్టెతస్కోపు అక్క అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటుంది. మధ్యలో ఎవరైనా నోరు విప్పితే ఆ కొన వాళ్ళవైపు తిరుగుతుంది. బస్సు డిపోలో పదిహేనేళ్ళు చేసింది. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ప్రమోషన్లు వచ్చాయి, తనకు తప్ప. ఒకరోజు పానాల సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చేసింది.

ఆ పొద్దున నర్సమ్మ బండి తోసుకుంటూ వచ్చింది. వెనకాల మొగుడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని సలహాలు తోస్తూ. కొండమీది ఇళ్ళకు టీకాలు మోసే ఆఫీసు బండి అది, బాగా పాతది. పావుగంట బాగానే పోతుందట. ఆ తర్వాత ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రం కదలనంటుంది. మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా ముందు ఎత్తు రోడ్డు ఎక్కించి చూపించాలి. ఎక్కకపోతే బండి గుమాస్తాకు, నర్సమ్మకు కాలినడక.

"క్లచ్ మీద చెయ్యి తియ్యదక్కా. ఆడవాళ్ళు అంతే," అన్నాడు మొగుడు.

"ముందు నువ్వు నోటి మీద చెయ్యి పెట్టు."

"ప్లేట్లు కూడా కొత్తవే వేయించాం," అంది నర్సమ్మ నీరసంగా. "అయినా జారుతోంది. ఇంక నా చెయ్యే కారణమన్నారు."

బండి మొరాయిస్తే మగవాడికి బండి పాతది, ఆడదానికి చెయ్యి చెడ్డది. ఈ తీర్పు చెప్పేవాళ్ళెవరూ మూత విప్పి చూడరు.

అక్క బండెక్కి, అది వేడెక్కి జారేదాకా వీధులన్నీ తిప్పింది. తిరిగొచ్చి, ఇంజను పక్కన క్లచ్ గాలి తీసే చిన్న నట్టుకు పానా పెట్టింది.

"మొహం పక్కకు తియ్యి."

మొగుడు ఇంకా దగ్గరికి వంగాడు. నట్టు పావు తిప్పగానే ఆయిల్ చివ్వున చిమ్మి అతని చొక్కా తడిపింది. అక్క బిందెడు నీళ్ళు అతని మీద కుమ్మరించింది. "అది పెయింటునే తినేస్తుంది, నిన్నెంత!"

నట్టు బిగించి మళ్ళీ నడిపితే క్లచ్ ఉడుంపట్టు పట్టింది.

"ప్లేట్ల తప్పు కాదు. వేడికి ఆయిల్ ఉబ్బి, పైకి పోయే దారిలేక క్లచ్‌ను నొక్కిపట్టింది. అంటే ఎవరూ నొక్కకుండానే సగం నొక్కినట్టు."

హ్యాండిల్ మీది క్లచ్ ఆయిల్ డబ్బా మూత విప్పింది. అంచుదాకా ఆయిల్.

"ఎవరు పోశారు?"

నర్సమ్మ మొగుడివైపు చూసింది. నీళ్ళోడుతూ అతను నసిగాడు. "నేను కొంచెం. మా తమ్ముడు కొంచెం. మా అమ్మ... ఆవిడకు ఏ డబ్బా వెలితిగా ఉన్నా మనసొప్పదు. బ్రేకు డబ్బాలో పోస్తాం కదా, అలాగే అనుకున్నాం."

"బ్రేకు అరిగితే ఆయిల్ దిగుతుంది. ఈ రకం క్లచ్‌లో ప్లేట్లు అరిగేకొద్దీ పైకొస్తుంది. నర్సమ్మా, వాడని సిరంజి ఉందా? డబ్బా మీది గీతదాకా లాగెయ్. ఇది నీ పనే."

నర్సమ్మ లాగింది. చుక్క బయట పడలేదు.

"చల్లటి బండిని ఎక్కించి మురిసిపోవద్దు," అని అక్క ముందు అరగంట తిప్పించింది. తర్వాత గుమాస్తాను వెనక కూర్చోబెట్టుకుని నర్సమ్మ ఎత్తెక్కింది. అక్కా మొగుడూ రొప్పుతూ పైకి చేరేసరికి గుమాస్తా ఫారం తీశాడు. 'లోపానికి కారణం' గడిలో 'నడిపే స్త్రీ అజాగ్రత్త' అని ముందే రాసి ఉంది.

"కొట్టెయ్," అంది అక్క.

"ఫారం పాడైపోతుందమ్మా."

"ఈమె పేరు పాడైనప్పుడు ఏమైంది నీ బాధ? ఆయిల్ ఎక్కువైంది అని రాయి. ఎవరు పోశారో కూడా."

"అక్కా, ఇంటి సంగతులు ఆఫీసు కాగితంలో ఎందుకు?" అన్నాడు మొగుడు.

నర్సమ్మ బండి తాళం పిడికిట్లో బిగించి అతన్నే చూసింది. అతను ముగ్గురి పేర్లూ తనే చెప్పాడు.

"గడి చిన్నదండీ, ముగ్గురూ పట్టరు," అన్నాడు గుమాస్తా.

"వెనక్కి తిప్పి రాయి," అంది నర్సమ్మ.