పెంటయ్యకు కాగితపు చిలకలు

అది 1955 ఎండాకాలం. కర్నూలు రాజధాని అయ్యాక ఊరినిండా డేరాల్లో ఆఫీసులు, కొత్త మనుషులు. పాతబస్తీలో నాది రంగుకాగితాల దుకాణం. పెండ్లి పందిళ్లకు తోరణాలు, పీర్ల పండుగకు పూలు కట్టడం నా పని.

ఒకనాడు పార్వతమ్మ అనే ఆమె వచ్చింది. పత్తికొండ పక్క పల్లె వాళ్లు. భర్త డేరా ఆఫీసులో గుమాస్తా.

"అన్నా, శుక్రవారానికి మా వానికి ఏడాది నిండుతాది. ఇల్లంతా చిలకలే ఉండల్ల. చిలకను చూస్తే వాడు శానా కాళ్లు ఆడిస్తాడు," అంది.

అప్పట్లో పుట్టినరోజంటే తలంటి, కొత్త చొక్కా, గుళ్లో టెంకాయ. ఇల్లంతా ఒకే బొమ్మతో సింగారించమన్న మనిషిని అదే మొదటిసారి చూడటం. సంతోషంగా ఒప్పుకున్నాను.

మరునాడు ఆమె అత్త వచ్చి గడప బయటే నిలబడింది.

"ఏమప్పా, చిలకలు చేస్తాండావంట? ముందు ఇద్దరు పిల్లోళ్లు ఏడాది నిండకుండానే పోయినారు. దిష్టి తగలకూడదనే వీనికి పెంటయ్య అని పేరు పెట్టినాం. నువ్వు ఇల్లు సింగారిస్తే ఊరి కండ్లన్నీ వాని మీదనే పడతాయి. వద్దప్పా."

అప్పటికే ఒప్పుకున్న పని కదా అని మొదలుపెట్టాను. వెదురు ఈనెలతో చట్రం కట్టి, దాని మీద టిష్యూ, అంటే ఊదితే ఎగిరిపోయేంత పలచని కాగితం, అతికించాలి. నాకు కొత్త పని కాదు. అయినా ఆ వారం ఒక దానికి ముక్కు వంకర పోయేది, ఒక దానికి రెక్క చిరిగేది. అతికించే జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాం. అది విషం. పసివాడు నోట్లో పెట్టుకుంటాడని ఈసారి కలపలేదు. కలపలేదు కదా అని గిన్నె పదిసార్లు చూసుకున్నాను.

బుధవారం కబురొచ్చింది. బిడ్డకు జ్వరం. కత్తెర పక్కన పెట్టేశాను. ముసలామె మాట వినక నేనే ఏదో కీడు తెచ్చానని భయం. కూర్చోలేను, నిలబడలేను.

గురువారం పొద్దున పార్వతమ్మ వచ్చింది. తల కూడా దువ్వుకోలేదు.

"ఎన్ని అయినాయన్నా?"

"ఇరవై. ఆపినానమ్మా. బిడ్డకు బాగయినంక..."

"నేను ఆపమన్నానా? ముందు ఇద్దరికీ దిష్టని కొత్త గుడ్డ కూడా తొడగనీలేదు. అయినా పోయిరి కదా! వీడు ఉన్నన్ని దినాలూ వానికి సంబరం ఉండల్ల. చేయన్నా."

శుక్రవారం నలభై చిలకలతో వాళ్లింటికి పోయాను. చుట్టాలను రావద్దన్నారట. అలవాటుగా వాకిలికి కట్టబోతుంటే పార్వతమ్మ ఆపింది.

"ఆడ ఎవరు చూస్తారన్నా? వాడు ఈడ ఉండాడు."

బిడ్డ చాప మీద సోలిపోయి ఉన్నాడు. నేనూ పక్కన వెల్లకిలా పడుకుని ఒక చిలకను పైకెత్తి చూశాను. కనబడింది దాని పొట్ట ఒక్కటే, రంగు లేని తెల్ల కాగితం. అక్కడే కూర్చుని నలభై పొట్టలకూ పచ్చ, ఎరుపు ముక్కలు అతికించి, వాడి పైన దండేలు కట్టి వేలాడదీశాను.

కిటికీలోంచి గాలి వచ్చింది. వాడు చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత ఒక కాలు కదిలించాడు. కొంచెం ఆగి రెండోది.

గోడకు ఆనుకుని కూర్చున్న ముసలామె లేచి వచ్చింది. "ఆ పచ్చదాన్ని ఇంకొంచెం కిందికి కట్టప్పా. వానికి అందల్ల," అంది.

డాక్టరు మందుతో నాలుగు రోజులకు జ్వరం దిగింది. మరుసటేడు రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు వాళ్లూ పోయారు. పోయే ముందు పెంటయ్య నా దుకాణం మెట్లు తానే ఎక్కి వచ్చాడు.

ఆ తర్వాత ఏ ఇంటి పని ఒప్పుకున్నా, అది ఎవరి కోసమో ముందు అడిగేవాణ్ణి. వాళ్లు కూర్చునే చోట, పడుకునే చోట నేనూ ఒకసారి ఉండి చూశాకే కట్టడం ముగించి దారం తెంపేవాణ్ణి.