కోటకు వెళ్ళిన గుమ్మడికాయ

గోపాలపట్నంలో నారాయణమ్మ ముఖం తెలియనివాళ్ళు ఉండవచ్చు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి బజారులో కూరగాయలమ్మిన గొంతు అది. మోకాళ్ళు మొరాయించాక అమ్మకం మానేసింది, అరవడం మానలేదు. ఇప్పుడా అరుపులన్నీ కొడుకు గుణశేఖర్‌కీ కోడలు రాణికీ దక్కుతున్నాయి.

గుణశేఖర్ స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. చాలాకాలానికి ఒక ఆదివారం సెలవు దొరికితే, అద్దెకారు మాట్లాడి, విజయనగరం అవతల ఉన్న ఓ పాత సంస్థానం కోట చూపిస్తానన్నాడు. ఈమధ్యే దాన్ని మ్యూజియం చేసి జనాన్ని రానిస్తున్నారు. ఆ కోట పేరు వినగానే నారాయణమ్మ నోటమాట రాలేదు. ఆ ఇంట్లో అది వింతే.

ఆవిడ పుట్టింది ఆ కోటవారి ఊళ్ళోనే. తండ్రి ఆ కోటవాళ్ళ భూమే కౌలుకు చేసేవాడు. జమీందారీలు పోయాయి గానీ అలవాట్లు పోతాయా? ఏటా పాదుకు కాసిన మొదటి గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని కోటలో ఇచ్చి వచ్చేవాడు. వచ్చాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని దర్బారు గురించి చెప్పేవాడు. ఏనుగెక్కితే తప్ప అందని దీపాల గుత్తులట. వంగితే మన ముఖం మనకే కనబడే నేలట. మేడమెట్ల మీద నెమళ్ళు తిరుగుతాయట. "పెద్దయ్యాక నిన్ను లోపలికి తీసుకెల్తాన్లే" అనేవాడు. ఆ మాట నెరవేరకుండానే పోయాడు. నారాయణమ్మకు మిగిలిపోయిన కోరిక అదొక్కటే. అయ్య చూసిన దర్బారు తనూ చూడాలి, అదీ అయ్య వెళ్ళినట్టే వెళ్ళి చూడాలి.

అందుకని ఆదివారం పొద్దున్న కారు దగ్గరికి పులిహోర డబ్బాతో పాటు ఓ పెద్ద గుమ్మడికాయ కూడా వచ్చింది.

"ఇదెందుకమ్మా?" అన్నాడు గుణశేఖర్.

"రాజులింటికి వట్టి సేతుల్తో ఎల్తారేట్రా?"

"అక్కడ రాజులు నేరమ్మా. టికెట్లు కోసీవోలున్నారు."

"రాజులు నేకపోతే ఏటి? కోటుంది కదా!"

రాణికి నవ్వాగలేదు. తర్వాత ఆ గుమ్మడికాయ దారంతా తన ఒళ్ళోనే కూర్చునేసరికి ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

కోట ముందు గేటు దగ్గర కుర్ర సెక్యూరిటీ అడ్డుపడ్డాడు. తినేవేవీ లోపలికి తీసుకెళ్ళకూడదన్నాడు.

"పచ్చి గుమ్మడికాయ ఎవులు తింతారు బావూ? వండాల గదా!"

"అయితే బ్యాగుల గదిలో పెట్టీసి టోకెన్ తీసుకోమ్మా. ఎల్లినప్పుడు నీది నీకిచ్చీస్తారు."

నారాయణమ్మకు ఒళ్ళు మండింది. ఇవ్వడానికి తెచ్చినదాన్ని మళ్ళీ చేతిలో పెడతామంటే అంతకు మించిన అవమానం ఉంటుందా? గుమ్మడికాయ పక్కన పెట్టుకుని మెట్టు మీద చతికిలబడింది. "నాను రాను. మీరెల్లి సూసొచ్చీయండి" అంది. గుణశేఖర్ బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. టన్నులకొద్దీ ఇనుము ఎత్తి దించే మనిషికి కన్నతల్లిని మెట్టు మీంచి లేపడం చేతకాలేదు.

చివరికి రాణికే ఉపాయం తట్టింది. "తమ్ముడూ, మద్దేనం మీరంతా ఏటి తింతారు?" అనడిగింది సెక్యూరిటీ కుర్రాణ్ణి.

"ఎనక వంటసాలుంది. చిట్టమ్మక్క మాకందరికీ వండుద్ది."

"అయితే ఇది కోట వంటకే తెచ్చాం."

కుర్రాడు హమ్మయ్య అనుకున్నాడు. వంట సరుకులైతే వెనక గుమ్మం నుంచి తీసుకెళ్ళమని దారి చూపించాడు.

గోడ వెంబడే చుట్టూ తిరిగి వెళ్ళారు. వెనక వైపు తలవంచుకుని దూరాల్సిన చిన్న గుమ్మం, దాని పక్కన నున్నగా అరిగిన రాతి అరుగు కనిపించాయి. నారాయణమ్మ టక్కున ఆగిపోయింది.

"ఒరే, ఇదేరా! ఓపాలి అయ్యెనక నానొచ్చాను. నన్నా గోడ మలుపుకాడ నిలబెట్టీసి ఈ గుమ్మంలోకెల్లాడు. ముందు గేటు సూసి, అంతా మారిపోయిందేటో అనుకున్నాను."

చిట్టమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మడికాయను రెండు చేతులా అందుకుంది. నారాయణమ్మ ప్రాణం లేచొచ్చింది. "మా అయ్య కూడా దర్బారులో ఏటేటా ఇచ్చీవోడమ్మా" అంది గొప్పగా.

"దర్బారులో ఏటమ్మా! మా అత్త ఇక్కడే వండీది, ఆవిడ సెప్పీది. రైతులు ఈ గుమ్మంలోనే దించీసి, ఈ అరుగు మీద బువ్వ తినీసి ఎల్లిపోయీవోరు. అంతకు మించి లోపలికి రానిచ్చీవోరు కాదు."

గుణశేఖర్ కంగారుగా తల్లి వైపు చూశాడు. ఆవిడ వంగి అరుగు మీద చెయ్యి పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉన్నట్టుండి ఆవిడ పకపకా నవ్వింది.

"ఓలమ్మో, మా అయ్య ఎంత అబద్దాలకోరు!"

చిట్టమ్మే వాళ్ళను వంటశాలలోంచి నేరుగా దర్బారుకు తీసుకెళ్ళింది. అక్కడ నెమళ్ళు లేవు. బూజు పట్టిన దీపాలు గుణశేఖర్ చెయ్యెత్తితే అందేలా ఉన్నాయి. నేల మామూలు నాపరాళ్ళది. నారాయణమ్మ నింపాదిగా అంతా తిరిగి చూసింది. ఒక్క గోడైనా చూడకుండా, వంటింటి గుమ్మంలో తిన్న బువ్వ గురించి పిల్లలకు తెలియనివ్వకుండా, ఏటికేడూ అంత దర్బారు నిలబెట్టిన తండ్రి మీద ఆవిడకు పట్టరానంత ప్రేమ ముంచుకొచ్చింది.

"ఎలాగుంది అత్తా?" అనడిగింది రాణి.

"బాగానే ఉందే. కానీ మా అయ్య కట్టిందాన్లో సగం నేదు" అంది నారాయణమ్మ, దర్బారంతా వినబడేలా.