నాన్న కుట్టిన హెడ్‌గార్డ్

మన తరం వాళ్ల పిల్లలు బాక్సింగ్ నేర్చుకుంటున్నారు కనుక, కంటి డాక్టరుగా నేనిది ఇప్పుడే చెప్పాలి. నిన్న ఒక సినిమాలో తండ్రి తన కొడుక్కి తలకు దెబ్బ తగలకుండా హెడ్‌గార్డ్ బిగిస్తుంటే నేను లేచి బయటికి వచ్చేశాను.

రెండువేల దశకం తొలినాళ్లలో, తాడేపల్లిగూడెంలో, టైలరైన మా నాన్న, బాక్సింగ్ నేర్చుకుంటున్న అన్నయ్యకు రెగ్జిన్‌తో అలాంటిదే కుట్టారు. ఆ కొత్త రెగ్జిన్ వాసన మీకు గుర్తుందా?

"ఏవండీ, ఇంకాస్త దూది కూరండి. దెబ్బ తగులుద్దేమో," అంది అమ్మ.

"ఇది తలకా, దిండుకా నాన్నా?" అని అన్నయ్య నవ్వాడు.

ఏలూరు పోటీలో ఆ దూది బరువుకు హెడ్‌గార్డ్ కళ్ల మీదికి జారింది. "ఆపండీ! వాడికి కనబడట్లేదండీ!" అన్న నాన్న అరుపు ఈలల్లో కలిసిపోయింది. నేను అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను. తర్వాతి దెబ్బ ఎడమ కంటి దగ్గర పడింది.

ఆ కన్ను ఇప్పటికీ మసకే. ఆ పోటీకి ముందు దాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఆ మసక దెబ్బతో వచ్చిందా, పుట్టుకతోనే ఉందా అని నాన్న నన్ను అడుగుతూనే ఉంటారు. ముందు పరీక్ష లేదు కనుక, కంటి డాక్టరునైనా నాకు తెలియదు.